కొంగ పాదిరి ఉత్తరాలు

ఆయన తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపరం. ఇల్లంతా ఎప్పుడూ ఉడికించిన జిగురు వాసన. చర్చివాళ్ళ కీర్తనల పుస్తకాలు ఏటా వీపులు ఊడి ఆ కొట్టుకే వచ్చేవి. కొడుకు వాటిని కుట్టడానికి కూచుని, చదువుతూ చదువుతూ కుట్టడం మరిచిపోయేవాడు. పద్దెనిమిదో ఏట పాదిరీలు చదువుకునే వేదపాఠశాలకి వెళ్తానని అడిగితే తండ్రి సూది పక్కన పెట్టి, కొడుకుతో కాకుండా భార్యతో అన్నాడు.

"మా తాత దగ్గర్నుంచీ పుస్తకాలకి బయట అట్టలేసి బతికాం. వీడు లోపలేముందో చూసొస్తాడట. పోనీలే, ఇంట్లో ఒకడికైనా తెలియాలిగా."

అదే అనుమతి అనుకుని ఆయన మర్నాడు బయల్దేరాడు.

మనిషి ఆరడుగుల మీద ఇంకో నాలుగు వేళ్ళు. ఒంటి మీద కండ లేదు. నడుస్తుంటే ముందు మోకాళ్ళు వెళ్ళేవి, వెనకాల తీరిగ్గా మనిషి వెళ్ళేవాడు. పాదిరీ అయ్యాక ఆయనకి రైలు స్టేషన్ వెనక వీధిలో ఉన్న చిన్న చర్చి ఇచ్చారు. ఒక పక్క బట్టల అద్దకం షెడ్డు, ఇంకో పక్క రైల్వేవాళ్ళ ఇళ్ళు. ప్రసంగం మధ్యలో రైలొస్తే ఆయన చెయ్యెత్తి అలాగే నిలబడి, ఆఖరి పెట్టె కూడా వెళ్ళిపోయాక ఆపిన మాట దగ్గరే అందుకునేవాడు. ప్రసంగాలు పొడుగు. అయ్యగారి కన్నా పొడుగని సంఘంలో నవ్వుకునేవాళ్ళు. ఆయన భార్య ఆడపిల్లల బళ్ళో లెక్కల టీచరు. ముందు వరసలో కూచున్న ఆవిడ కీర్తనల పుస్తకం టప్పున మూసిందంటే ఇక చాలని గుర్తు. ఆయన గతుక్కుమని, రెండు ముక్కల్లో ముగించేవాడు.

అయినా ఆ వీధివాళ్ళకి ఆయనంటే ప్రాణం. ఎవరింట్లో మనిషి మంచం పట్టినా పిలవకుండానే వచ్చి, కుర్చీ లాక్కుని కూచునేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. చర్చిలో అన్ని మాటలు చెప్పే మనిషి రోగి దగ్గర అంత మౌనంగా ఎలా ఉండగలడా అని అందరికీ ఆశ్చర్యం.

యుద్ధం మొదలైన రెండో ఏడు బిషప్పుగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పటాలాలకి పాదిరీలు కావాలి, నలభై దాటనివాళ్ళు ముందుకు రావాలి అని. ఆయనకప్పుడు ముప్ఫై తొమ్మిది. కూతురికి తొమ్మిదేళ్ళు. ఉత్తరం చదివి బల్ల మీద పెట్టాడు. భార్య దాన్ని తీసి చదివింది. రెండు పూటలు ఇద్దరూ దాని ఊసెత్తలేదు. మూడో పూట భోజనాల దగ్గర ఆవిడే ఎత్తింది.

"పక్కింటాయన వేలు కోసుకుంటే మీరు గడపలో కూలబడ్డారు. జ్ఞాపకం ఉందా?"

"ఉంది."

"అక్కడ వేళ్ళతో సరిపెట్టరు."

"తెలుసు. మన సంఘం నుంచి పదకొండు మంది వెళ్ళారు. వాళ్ళలో నలుగురికి పెళ్ళి చేసింది నేనే. పెళ్ళికి నేను కావాలి గానీ చావుకి అక్కర్లేదా?"

ఆవిడ లేచి అటక మీంచి పెట్టె దించింది. ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు, ఒక రగ్గు, రెండు బుడ్ల ఇంకు ఆయన పెట్టెలో సర్దింది. ఇంత ఇంకు ఎందుకంటే, "ఉత్తరాలు రాస్తారుగా," అంది.

ఆయన్ని వేసిన ఆసుపత్రి ఒక పాత నూలు మిల్లు. యంత్రాలు తీసేసి ఆ పొడవాటి హాలులో మంచాలు వేశారు. ఇనప స్తంభాలకి నంబర్లు రాసి ఉండేవి. గోడల పగుళ్ళలో ఇంకా దూది చిక్కుకుని ఉండేది. గాలి వీస్తే ఆ దూది పింజలు మంచాల మీద, కట్ల మీద వాలేవి. అక్కడికి ఆరేడు మైళ్ళ దూరంలో ఏరు, ఏటి మీద వంతెన. ఆ వంతెన కోసమే రెండు వైపులవాళ్ళూ కొట్టుకుంటున్నారు.

మొదటి రోజు ఆయన అనుకున్నట్టే పడిపోయాడు. బండి లోంచి దింపుతున్న మనిషికి మోకాలి కింద ఏమీ లేకపోవడం చూశాడు, అంతే. కళ్ళు తెరిచేసరికి పెద్ద డాక్టరు ఎదురుగా నిలబడి ఉన్నాడు. పొట్టిగా, తెల్లారి లేచిన దగ్గర్నుంచి చిరాగ్గా ఉండే మనిషి.

"పాదిరీగారూ, మిమ్మల్ని పట్టుకోడానికి ఇక్కడ మనుషుల్లేరు. పడాలనిపిస్తే గోడవైపు పడండి. నడిచే దారిలో మాత్రం వద్దు," అన్నాడు.

ఆయన ఆ తరవాత రెండు సార్లు గోడవైపు పడ్డాడు. మూడోసారి పడలేదు.

వానాకాలంలో మిల్లు ఆవరణంతా మోకాలి లోతు బురద. ఆ బురదలో ఆయన ఒక్కో కాలూ పైకి లాగి, ఆగి, చూసుకుని మళ్ళీ వేస్తుంటే సిపాయిలు 'కొంగ పాదిరి' అని పేరు పెట్టారు. మొదట చాటుగా అనుకున్నారు, తరవాత ఎదురుగానే పిలిచారు. కళ్ళకి కట్లున్న ఒకతను ఆయన అడుగుల చప్పుడు విని, "కొంగ వాలింది, మంచం పక్కన చోటివ్వండ్రా," అనేవాడు. ఆ పేరు ఆయనకి నచ్చింది. బిషప్పుగారికి రాసిన ఉత్తరంలో కూడా ఆ సంగతి రాశాడు.

అక్కడ ఆయన పనులు మూడు. పోయేవాళ్ళ పక్కన కూచోవడం. పోయినవాళ్ళని మిల్లు వెనక పొలంలో మట్టి చెయ్యడం. వాళ్ళ ఇళ్ళకి ఉత్తరం రాయడం. మొదటి రెండూ కష్టమైనా ఎలా చెయ్యాలో ఆయనకి తెలుసు. మూడోదే ఎటూ తోచలేదు.

మొదటి ఉత్తరం ఒక లారీ మెకానిక్కు భార్యకి రాయాల్సి వచ్చింది. అతను పోవడానికి తొమ్మిది గంటలు పట్టింది. ఆ తొమ్మిది గంటలూ కేకలు పెడుతూనే ఉన్నాడు. డాక్టర్ని తిట్టాడు, దేవుణ్ణి తిట్టాడు, చెయ్యి పట్టుకుని కూచున్న కొంగ పాదిరిని కూడా తిట్టాడు. అతను పోయాక ఈయన కాగితం ముందు పెట్టుకుని, పై వరసలో తేదీ వేసి, పూటంతా అలాగే కూచున్నాడు. చివరికి లేచి, చేతులు కడుక్కుంటున్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"ఆ అమ్మాయికి ఏం రాయమంటారు?"

"ఏం రాద్దామనుకుంటున్నారు?"

"జరిగింది రాయలేను. జరగనిది రాయకూడదు."

డాక్టరు చేతులు తుడుచుకున్నాడు. "నా దగ్గర మత్తుమందు నిన్నటితో అయిపోయింది. మీ దగ్గర ఇంకు ఉంది. ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళం ఇద్దాం," అని ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన తిరిగొచ్చి, 'మీ భర్త ఏమాత్రం బాధపడకుండా వెళ్ళిపోయారు,' అని రాశాడు. ఆ ఒక్క వాక్యానికి గంట పట్టింది. రెండో ఉత్తరానికి అంత పట్టలేదు. పదో ఉత్తరానికి కలం ఆగనే లేదు.

ఆ వాక్యం ఒక్కటీ వరసగా రాస్తుంటే ఆయనకే వెలితిగా తోచింది. ఒకే వీధిలో ఇద్దరు తల్లులు తమ ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే? అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో సంగతి కలిపాడు. ఒకతను కిటికీ లోంచి కొండల వైపు చూస్తూ పోయాడు. ఇంకొకతను నాన్న చేతి పని గురించి చెబుతూ పోయాడు. ప్రసంగాలు అల్లే తెలివి అంతా అటు తిరిగింది. ఆయన జేబులో ఒక నోటు పుస్తకం ఉండేది. అందులో పేరు, నంబరు, ఇంటి చిరునామా, ఒంట్లో దెబ్బ ఎక్కడ తగిలింది, పొలంలో ఎన్నో వరసలో ఎన్నో చోటు. అంతవరకే నిజం. మిగతాది ఇంకు.

ఎండాకాలం ముందు వంతెన దగ్గర మూడు రోజులు భీకరంగా పోరు నడిచింది. ఆ మూడు రోజుల్లో, ఆ తరవాతి వారంలో ఆయన రాసిన ఉత్తరాలే రెండు వందలు దాటాయి. ముఖాలు కలిసిపోయాయి. పుస్తకం చూసి రాసుకుంటూ పోయాడు. అందులో ఒకటి, బట్టలు ఇస్త్రీ చేసి బతికే ఒక విధవరాలికి. ఆవిడ కొడుకు గురించి ఆయన పుస్తకంలో ఉన్నది ఇంతే: పొట్టలో దెబ్బ, రెండు రోజులు, నాలుగో వరస, పదిహేడో చోటు. ఉత్తరంలో మాత్రం, చివరి దాకా తెలివితోనే ఉన్నాడనీ, 'నేనేమీ భయపడలేదని మా అమ్మకి చెప్పండి, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమని చెప్పండి, నా గురించి బెంగపెట్టుకోవద్దని చెప్పండి,' అని ఒక్కో మాటా స్పష్టంగా పలికి కళ్ళు మూశాడనీ రాశాడు.

ఇలాంటి ఉత్తరాలకి జవాబులు అరుదు. వచ్చినా రెండు ముక్కలు, కృతజ్ఞతలు చెబుతూ. ఈవిడ దగ్గర్నుంచి మాత్రం నెల తిరక్కుండానే, పెద్ద పెద్ద అక్షరాలతో ఒక కార్డు వచ్చింది.

'అయ్యగారికి నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. ఇంకేమన్నా అన్నాడా?'

ఆయన ఆ కార్డు మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. లేదని రాస్తే అంతటితో పోయేది. కానీ ఆ నాలుగు ముక్కల వెనక ఆవిడ గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నట్టే అనిపించింది. వార్డులో పక్క మంచాలవాళ్ళకి మెల్లగా పాట పాడి వినిపించేవాడని రాశాడు. దానికీ జవాబొచ్చింది. ఏం పాట అని ఆవిడ అడగలేదు. నవ్వేవాడా అని అడిగింది. నవ్వేవాడని రాశాడు. రెండు మూడు నెలలకో కార్డు. యుద్ధం అయిపోయింది, ఆయన ఇల్లు చేరాడు, కార్డులు ఆగలేదు. ఆయన పాత చర్చి చిరునామా ఎవర్నడిగి తెలుసుకుందో, అక్కడికే రావడం మొదలెట్టాయి.

సంఘం నుంచి యుద్ధానికి వెళ్ళిన పదకొండు మందిలో నలుగురు తిరిగొచ్చారు. ఆయన్ని చూడ్డానికి మొదటి ఆదివారం చర్చి కిక్కిరిసింది. ఆయన లేచి, వాక్యం చదివి, నాలుగు మాటలు చెప్పి కూచున్నాడు. ప్రయాణం బడలికేమో అనుకున్నారు. మరుసటి వారమూ అంతే. ఆపై వారమూ అంతే. అయ్యగారికి మనమీద కోపం వచ్చిందా అని పెద్దలు తర్జనభర్జన పడ్డారు.

"ఒకప్పుడు మీ నోరు మూయించడానికి పుస్తకం మూసేదాన్ని. ఇప్పుడు తెరిచేలోపే అయిపోతోంది," అంది భార్య. నవ్వుతూనే అంది గానీ ఆయన నవ్వకపోయేసరికి ఆవిడ మొహం కూడా చిన్నబోయింది.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఒక రోజు పక్క రైల్వే ఇళ్ళలో ఉండే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య పోయింది. కడుపులో పుండుతో ఏడాది మంచాన పడి, ఎముకల గూడై పోయింది. సమాధుల తోటలో మట్టి వేసి అందరూ చేతులు దులుపుకుంటుంటే పాయింట్స్‌మన్ ఆయన దగ్గరికొచ్చాడు.

"అయ్యగారూ, చివర్లో బాధపడకుండానే పోయిందంటారా?"

ఆయన నోరు తెరిచాడు. ఆ వాక్యం నాలుక చివరే ఉంది, నాలుగు వందల పైచిలుకు సార్లు రాసిన వాక్యం. బయటికి రాలేదు. పాయింట్స్‌మన్ ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఆయన వెనక్కి తిరిగి, గేటు దాటి, అద్దకం షెడ్డు పక్కనుంచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే సంఘ పెద్దలిద్దరు ఇంటికొచ్చారు. భార్య వాళ్ళకి టీ ఇచ్చి, ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించి, వచ్చి ఆయన ఎదురుగా కూచుంది.

"ఇప్పుడు చెప్పండి."

చెప్పాడు. మెకానిక్కు దగ్గర్నుంచి మొదలెట్టి, ఏదీ దాచకుండా. అంతా విన్నాక ఆవిడ, "మీరు చేసింది మందు పొయ్యడమే," అంది.

"పొయ్యడం తప్పో కాదో నాకు తెలీదు. ఒకావిడ ఇంకా తాగుతోంది," అని ఆయన లేచి, పెట్టె అడుగు నుంచి కార్డుల కట్ట తీసిచ్చాడు. పంతొమ్మిది ఉన్నాయి. ఆవిడ వంటింట్లో స్టూలు మీద కూచుని అన్నీ చదివింది. చదివి, కట్టకి మళ్ళీ దారం చుట్టి, "మీరు వెళ్ళాలి," అంది. "ఉత్తరం రాయడం కాదు. వెళ్ళాలి."

సగం రోజు రైలు ప్రయాణం. ఒక పెద్ద మేడ కింద, మెట్ల దిగువన ఆవిడ గది. ఒక బల్ల, దాని మీద మాసిన దుప్పటి మడత, బొగ్గుల ఇస్త్రీ పెట్టె, గోడ పొడుగునా తీగ మీద వేలాడుతున్న చొక్కాలు. ఆవిడ బక్కపల్చటి మనిషి. మణికట్ల దగ్గర కాలిన మచ్చలు. ఆయన తల వంచి లోపలికొచ్చి తానెవరో చెబితే, ఆవిడ ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. కుర్చీ మీది బట్టలు తీసి కూచోమంది.

"ఈ నాలుగు చొక్కాలూ ఇచ్చేయాలి. చేస్తూ వింటాను, ఏమనుకోకండి," అంది.

అదే నయమనిపించింది ఆయనకి. ఆవిడ చూపు బట్ట మీద ఉండగా చెప్పుకొచ్చాడు.

"అమ్మా, మీ అబ్బాయి నాకు గుర్తులేడు. ఆ వారం చాలామంది పోయారు. ముఖం కూడా జ్ఞాపకం లేదు. చెప్పినవన్నీ నేను కల్పించి రాసినవే."

ఆవిడ ఒక చొక్కా చెయ్యి తిరగేసి, నీళ్ళు చిలకరించి, పెట్టె నడిపింది. తరవాత పెట్టెని ఇటుక మీద నిలబెట్టింది.

"నాకు మొదటి ఉత్తరానికే తెలుసండీ."

ఆయన తలెత్తాడు.

"మావాడికి నత్తి. 'అమ్మ' అనడానికే వాడికి ఊపిరి చాలేది కాదు. మీ ఉత్తరంలో వాడు అంత పొడుగు మాట ఒక్క బిగిన చెప్పేశాడు. అది చదివి, వీడు మావాడు కాదనుకున్నాను. ఇంకొకళ్ళ బిడ్డని చూసి మావాడనుకున్నారేమో, మావాడు ఎక్కడో బతికే ఉన్నాడేమో అని కూడా అనుకున్నాను. ఆర్నెల్లు అలా ఆశపడ్డాను. తరవాత వాడి దువ్వెన, బెల్టు పంపించారు."

"మరి నాకు ఎందుకు రాస్తూ వచ్చారమ్మా? కోపం రాలేదా?"

"రాకేం. చింపి పొయ్యిలో వేద్దామనుకున్నాను." ఆవిడ తీగ మీద చొక్కా సర్దింది. "కానీ వాడి పేరు రాసి ఇంటికి ఉత్తరం పంపేవాళ్ళు మీరు తప్ప ఇంకెవరున్నారండీ? మా అమ్మాయి ఆ పేరు వింటే ఏడుస్తుంది. చుట్టుపక్కలవాళ్ళు ఎత్తరు. మీరొక్కరే వాడు ఇలా అన్నాడు, అలా చేశాడు అని రాసేవారు. అబద్ధమైతే మాత్రం."

గదిలో బొగ్గుల వేడి, తడి బట్టల ఆవిరి. ఆవిడ ఏదో అడగాలనుకుని, ఆగి, చివరికి అడిగేసింది.

"ఒక్కటి చెప్పండి. పాట పాడాడని రాశారు చూశారూ. వాడికి మాట్లాడితే నత్తి గానీ పాడితే ఉండదు. ఒక్క అక్షరం తడబడడు. అది మీకెలా తెలుస్తుంది, తెలీకుండా అంత సరిగ్గా ఎలా రాస్తారు అనుకున్నాను. మిగతావన్నీ కల్పించినా, ఆ ఒక్కటీ చూసి రాశారేమో అనుకుని పెట్టుకున్నాను."

అవునంటే చాలు. అవునని తలూపినా చాలు. అంతకన్నా తేలికైన పని ఈ లోకంలో ఇంకోటి లేదు. ఆవిడ ఆయన మొహంలోకే చూస్తోంది.

"లేదమ్మా," అన్నాడు. "అది కూడా నేను కల్పించిందే."

ఆవిడ ఇస్త్రీ పెట్టె తీసి చివరి చొక్కా మీద పెట్టింది. పెట్టి, నడపడం మరిచిపోయింది. కమురు వాసన వచ్చాక గానీ ఇద్దరికీ తెలీలేదు. వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది. ఆవిడ దాన్ని వేలితో రుద్దింది, పోలేదు.

"అది చెప్పకపోయినా బాగుండేది," అంది మెల్లగా.

"నాకూ అలాగే అనిపించింది."

"బాధపడ్డాడా?"

"పొట్టలో దెబ్బ. రెండు రోజులున్నాడు. మందులు అయిపోయాయి. బాధపడే ఉంటాడు."

ఆవిడ బల్ల పక్కనే నేల మీద కూలబడింది. ఆయన కుర్చీ దిగి, పొడుగు కాళ్ళు ఎలాగో మడుచుకుని ఎదురుగా నేల మీదే కూచున్నాడు. ఆవిడ ఏడ్చినంతసేపూ ఓదార్చలేదు. ఓదార్చే మాటలన్నీ ఆయన ఏనాడో ఖర్చుపెట్టేశాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నాక, తనకి తెలిసింది చెప్పాడు. నాలుగో వరస, పదిహేడో చోటు. అక్కడ ప్రతి మనిషికీ తను దగ్గరుండి మొదటి పిడికెడు మట్టి తన చేత్తోనే వేశాడు. ఆ వారమంతా అకాలపు ముసురు. ఇంతవరకూ మాత్రం నిజం.

"దగ్గరుండి వేశారా?"

"వేశాను."

"అయితే వాడెలాంటివాడో మీకు తెలియాలి," అంది ఆవిడ. ఆ మధ్యాహ్నమంతా చెప్పింది. కోపమొస్తే నత్తి మరీ ఎక్కువై చేతులతో తిట్టేవాడు. సైకిలు చక్రాలు సరిచేసే కొట్టులో పని. వీధిలో ఎవరైనా వాడి మాట పూర్తి కాకుండా అందిస్తే ఇక ఆ మనిషితో మాట్లాడేవాడు కాదు. పటాలంలో చేరేటప్పుడు పేరు చెప్పమంటే, వాడు చెప్పేలోపు వెనకున్న ఇద్దరి పేర్లు రాసేసుకున్నారు. అది ఇంటికొచ్చి తనే చెప్పుకుని నవ్వాడు. ఆయన విన్నాడు. తను మట్టి చేసిన మనిషిని అయిదేళ్ళ తరవాత అప్పుడు పరిచయం చేసుకున్నాడు.

ఇంటికి చేరాక ఆయన నోటు పుస్తకం ముందు పెట్టుకుని, మిగతావాళ్ళందరికీ నిజం రాసేస్తానన్నాడు. భార్య ఒప్పుకోలేదు.

"ఈవిడ అడిగింది, చెప్పారు. వాళ్ళు అడగలేదు. నాలుగు వందల ఇళ్ళలో మళ్ళీ చావు కబురు చెప్పి మీరు హాయిగా నిద్రపోతారా?"

ఆయన ఆ పుస్తకం మూసి పెట్టాడు. హాయిగా నిద్రపోవడమన్నది ఆ తరవాత కూడా పెద్దగా జరగలేదు. పాయింట్స్‌మన్ ఇంటికి మాత్రం వెళ్ళి, పోయిన అతని భార్య గురించి చెప్పమని అడిగి, పూటంతా విన్నాడు.

మరుసటి ఏడు చలి తగ్గాక భార్యాభర్తలిద్దరూ ఇస్త్రీ ఆవిణ్ణి ఆ పొలానికి తీసుకెళ్ళారు. మిల్లు మళ్ళీ మిల్లయింది. యంత్రాల హోరు గోడ బయటికి వినిపిస్తోంది. వెనక పొలంలో చెక్క గుర్తులు తీసేసి రాళ్ళు పాతారు. ఆయన వరసలు లెక్కపెట్టి, పదిహేడో రాయి దగ్గర ఆగాడు. ఆవిడ రాయి మీది పేరు వేలితో తడిమింది.

"తల ఎటు?"

చూపించాడు. ఆవిడ తలవైపు కూచుంది. "మీరు కాసేపు అలా వెళ్ళండి," అంది. వీళ్ళు గేటు దగ్గర కూచున్నారు. మధ్యాహ్నం షిఫ్టువాళ్ళు లోపలికి వెళ్ళారు, పొద్దుటివాళ్ళు బయటికొచ్చారు. ఎండ వాలింది. ఆవిడ అప్పుడు లేచి, చీర దులుపుకుని వచ్చింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి," అంది. "తొందర పెట్టకపోతే వాడు బాగానే మాట్లాడతాడు."

ఆ తరవాత ఆవిడ దగ్గర్నుంచి కార్డు రాలేదు. ఆయన నెల చూశాడు, రెండు నెలలు చూశాడు. పోస్టుమాన్ వీధి మలుపు తిరిగితే గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. తనే రెండు సార్లు రాశాడు. జవాబు లేదు. ఆవిడకి అడగాల్సింది ఇంకేమీ లేదేమోనని భార్య అంది. కావచ్చు. లేదా పాట సంగతి ఆవిడ క్షమించలేదేమో. ఏది నిజమో ఆయనకి చివరిదాకా తెలీలేదు. మూడేళ్ళకి ఆవిడ కూతురు రాసిన కార్డు వచ్చింది, అమ్మ వానాకాలంలో పోయిందని. అందులో ఇంకేమీ లేదు.

ఆయన ప్రసంగ వేదిక వదులుకున్నాడు. సంఘం ఇంకో పాదిరీని తెచ్చుకుంది. ఈయనకి ప్రభుత్వ ఆసుపత్రిలో, బాగయ్యే ఆశ లేనివాళ్ళ వార్డులో తిరిగే పని ఇచ్చారు. పదిహేడేళ్ళు చేశాడు. పొద్దున్నే వెళ్ళి, కుర్చీ లాక్కుని కూచునేవాడు. ఎవరైనా బాగవుతానా అని అడిగితే, డాక్టర్ని పిలవనా అనేవాడు. భయంగా ఉందంటే, నాక్కూడా ఉంటుంది అనేవాడు. అలాంటి పాదిరీ ఎందుకని కొందరు ముఖం తిప్పుకున్నారు. కొందరు ఆయన వచ్చేదాకా ఎదురుచూశారు. ప్రార్థన చెయ్యమంటే చేసేవాడు, చిన్నగా. అది ఎవరైనా వింటారని నమ్ముతున్నారా అని తన కూతురు ఒకసారి అడిగింది.

"పక్క మంచమాయన వింటాడుగా," అన్నాడు.

డెబ్బై ఒకటో ఏట ఊపిరితిత్తులకి నీరు పట్టింది. అదే వార్డులో, కిటికీ పక్క మంచం ఇచ్చారు. కాళ్ళు పట్టక మంచం చివర ఒక స్టూలు వేశారు. భార్య రోజూ వచ్చి, ఆయన చేసినట్టే కుర్చీ లాక్కుని కూచునేది. పదిహేను రోజులు. చివరి నాలుగు రోజులు ఊపిరి కోసం ఆయన పడిన యాతన ఆవిడ కళ్ళారా చూసింది. పోయాక బంధువులు, సంఘంవాళ్ళు, ఆసుపత్రివాళ్ళు వచ్చి, ఎలా పోయారని ఒక్కొక్కరే అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకీ ఆవిడ, కుర్చీ చూపించి కూచోమని, ఉన్నదున్నట్టు చెప్పింది.